ఏకాంతానికి బియ్యం మోసేదెవరు?

పెళ్ళికి పిలిస్తే వస్తాడు, అక్షింతలు వేసి భోజనాలకు ముందే వెళ్ళిపోతాడు. పండక్కి ఇల్లంతా చుట్టాలతో నిండితే డాబా మీద ఒక్కడే కూర్చుంటాడు. ఉద్యోగ విరమణ అయ్యాక పొలం దగ్గర ఒక గది వేసుకుని, పది రోజులకోసారి తప్ప ఊళ్ళోకి రాడు. ఫోను చేస్తే ఎత్తుతాడు, బాగానే మాట్లాడతాడు, తనంతట తాను మాత్రం చెయ్యడు. ఇలాంటి మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. వాళ్ళ గురించి మనవాళ్ళు వేసే ప్రశ్న ఒక్కటే: "ఏమైందంట?" ఏదో జరిగి ఉండాలి, ఎవరితోనో చెడి ఉండాలి, లేకపోతే మనసులో ఏదో తేడా చేసి ఉండాలి. ఏమీ కాలేదని, అలా ఉంటేనే అతనికి హాయిగా ఉంటుందని చెబితే నమ్మేవాళ్ళు తక్కువ.

ఆ అనుమానాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. అలా దూరమైనవాళ్ళలో నిజంగానే జబ్బుపడినవాళ్ళుంటారు. అవమానం దిగమింగుకోలేక తలుపేసుకున్నవాళ్ళూ ఉంటారు. హాయిగా ఒంటరిగా ఉన్నవాళ్ళూ, కుంగిపోయి ఒంటరైనవాళ్ళూ బయటినుంచి చూస్తే ఒకేలా కనబడతారు. మొదటివాళ్ళను జబ్బు మనుషులనుకుని వెంటపడి వేధిస్తాం. రెండోవాళ్ళను "వాడి తత్వమే అంత" అని వదిలేస్తాం. ఈ రెండో పొరపాటుకు ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. అందుకే ఎక్కువకాలం ఒంటరిగా ఉండి ఆనందంగా ఉన్నవాళ్ళ జీవితాల్లో ఏముందో కాస్త దగ్గరగా చూడాలనిపిస్తుంది.

వాళ్ళలో వివరాలు బాగా తెలిసిన మనిషి టెన్జిన్ పాల్మో. 1943లో పుట్టిన ఇంగ్లండు అమ్మాయి. తండ్రిది లండన్‌లో చేపల దుకాణం. ఇరవై ఏళ్ళ వయసులో, 1964లో భారతదేశానికి వచ్చి, టిబెటన్ బౌద్ధంలో సన్యాసం పుచ్చుకుంది. గురువు ఆమెను హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయకు పంపితే, అక్కడి ఆరామంలో ఆరేళ్ళు ఉంది. ఆరామం అంటే నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటాం. చలికాలంలో మంచు కురిసి పనులు ఆగిపోయాక అక్కడివాళ్ళు ఒకరిళ్ళకొకరు వెళ్ళి కబుర్లు, విందులతో గడిపేవాళ్ళు. ఆమెకు అది సరిపడలేదు. 1976లో, ముప్ఫై మూడేళ్ళ వయసులో, ఆరామం పైన 13,200 అడుగుల ఎత్తున ఉన్న ఒక గుహలోకి మారింది. 1988 వరకు, పన్నెండేళ్ళు అక్కడే ఉంది. చివరి మూడేళ్ళు మనుషులను చూడకూడదన్న కఠిన నియమంతో గడిపింది.

గుహ అనగానే మన ఊహ పురాణాల వైపు పోతుంది. నిజంగా జరిగింది వేరు. కొండకు ఉన్న ఒక చూరు కింద, ఊరివాళ్ళ సాయంతో ముందు గోడ కట్టించుకుని, తలుపూ కిటికీ పెట్టించుకుంది. పొయ్యి ఉంది. చదువుకోవడానికి పుస్తకాలున్నాయి. పడుకోవడానికి మంచం లేదు, ధ్యానం చేసుకునే చెక్కపెట్టెలోనే కూర్చుని కాసేపు నిద్రపోయేది. ముందున్న కాస్త నేలలో బంగాళదుంపలు, టర్నిప్‌లు పండించుకుంది. బియ్యం, పప్పు, పిండి, కిరోసిన్ లోయలోనుంచి మనుషులు మోసుకొచ్చేవాళ్ళు. నవంబరు నుంచి మే దాకా దారులు మూసుకుపోతాయి కాబట్టి అన్నీ ముందే చేరాలి. ఒకసారి సరుకు తేవాల్సిన మనిషి రాకపోతే ఉన్నదాన్నే రోజూ ఇంతింతగా తిని బక్కచిక్కిపోయింది. మరోసారి మంచు తుఫాను రోజుల తరబడి కురిసి గుహ పూర్తిగా పూడిపోతే, లోపలినుంచి తవ్వుకుంటూ బయటపడింది. ఇన్ని జరిగినా తనకు ఒంటరినన్న బాధ కలగలేదనీ, అంతకన్నా సంతోషంగా ఉండే చోటు తనకు మరొకటి తోచలేదనీ తరవాత చాలాసార్లు చెప్పింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ సరుకుల మూట. పన్నెండేళ్ళ ఏకాంతం కింద ఒక ఊరు ఉంది. ఎవరో గోడ కట్టారు, ఎవరో మూట మోశారు, ఎవరో ఆమె ఉనికిని గుర్తుపెట్టుకున్నారు. అంతకుముందు ఆరేళ్ళు అదే లోయలో మనుషుల మధ్య ఉండి ఆ చలికీ, ఆ పద్ధతులకూ అలవాటుపడింది. చేయవలసిన సాధన ఏమిటో గురువు చెప్పి ఉన్నాడు. మొదటి ఏళ్ళలో వేసవి వస్తే కిందికి దిగి గురువును చూసి వచ్చేది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే అంత ఎత్తున, అంత చలిలో, ఒక మనిషి ఒక్కతే స్థిమితంగా బతకగలిగింది.

అరుణాచలం కథ కూడా ఇలాంటిదే. పదహారేళ్ళ వేంకటరామన్ 1896లో ఇల్లు విడిచి తిరువణ్ణామలై చేరాడు. గుడిలోని పాతాళ లింగం దగ్గర ఒళ్ళు తెలియకుండా కూర్చుంటే చీమలూ పురుగులూ కొరికి పుండ్లు పడ్డాయి. చూసినవాళ్ళు మోసుకొచ్చి బయట కూర్చోబెట్టారు. పళనిస్వామి అనే ఆయన 1897 నుంచి తన చివరిదాకా ఆ బాలస్వామికి తోడుగా ఉండి భిక్ష తెచ్చిపెట్టాడు. విరూపాక్ష గుహలో వేంకటరామన్ పదహారేళ్ళకు పైగా ఉన్నాడు. 1907లో అక్కడికి వచ్చి ఆయనకు రమణ మహర్షి అని పేరుపెట్టింది మన విజయనగరం ప్రాంతపు కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని. అమెరికా రచయిత థోరో 1845 జులై నుంచి 1847 సెప్టెంబరు వరకు వాల్డెన్ చెరువు ఒడ్డున కట్టుకుని ఉన్న గుడిసె స్నేహితుడు ఎమర్సన్ స్థలంలోనిది. పుట్టిపెరిగిన ఊరు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం, తరచూ వెళ్ళివచ్చేవాడు కూడా. ఆ మాట పట్టుకుని ఆయన ఏకాంతం ఉత్తదే అని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. చెరువు ఒడ్డున రెండేళ్ళు ఒక్కడే ఉండి ఏం చూశాడో ఆయన రాసిన పుస్తకం ఉంది. ఊరికి వెళ్ళివచ్చినంత మాత్రాన ఆ చూపు పోదు.

ఇక మనసులో ఏం జరుగుతుందో చూద్దాం. ఖాళీ గదిలో ఊరికే కూర్చోవడం చాలామందికి కష్టం. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన టిమోతీ విల్సన్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి సాక్ష్యం. వాటిలో ఒకదానిలో మనుషులను ఒక్కొక్కరినే గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. నొక్కితే కాస్త కరెంటు షాక్ కొట్టే మీట మాత్రం ఉంది. డబ్బులిచ్చైనా తప్పించుకుంటామని అంతకుముందు వాళ్ళే చెప్పిన షాక్ అది. అయినా పద్దెనిమిది మంది మగవాళ్ళలో పన్నెండుమంది, ఇరవై నాలుగుమంది ఆడవాళ్ళలో ఆరుగురు దాన్ని కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు. ఏ పనీ లేని మనసు అంత ఇబ్బంది పెడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు పని కావాలి. అది ధ్యానమైనా, చదువైనా, దొడ్లో మొక్కలైనా సరే. ఏళ్ళ తరబడి ఏకాంతంలో హాయిగా ఉన్న ప్రతి మనిషి రోజులోనూ ఒక గట్టి క్రమం కనబడుతుంది. లేచేవేళ, వండుకునేవేళ, పనిచేసేవేళ నిర్ణయమై ఉంటాయి. చూసేవాళ్ళు లేకపోయినా వాళ్ళు వాటిని తప్పరు.

2018లో తుయ్‌వీ గుయెన్, రిచర్డ్ రయన్, ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగాలు మరో సంగతి చెప్పాయి. పదిహేను నిమిషాలు ఒంటరిగా ఉంటే మనలోని పొంగు చల్లారుతుంది. కోపం, ఆందోళన తగ్గుతాయి. వాటితోపాటే ఉత్సాహం, ఉద్వేగం కూడా తగ్గుతాయి. రోజంతా పదిమందితో మాట్లాడి ఇంటికి వచ్చాక, ఎవరైనా పలకరిస్తే చిరాకు వచ్చి, ఓ పావుగంట గదిలో కూర్చుంటే మళ్ళీ మామూలు మనిషవడం ఇదే. తనంతట తాను కోరి కూర్చున్నవాళ్ళకు అది ప్రశాంతతగా మారుతుంది. బలవంతాన కూర్చున్నవాళ్ళకు ఆ చల్లారిన స్థితిలోనే దిగులు దిగుతుంది.

దీనికంతటికీ పునాది చిన్నతనంలో పడుతుందని ఇంగ్లండుకు చెందిన పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లో రాశాడు. తల్లి అదే గదిలో తన పని తాను చేసుకుంటూ ఉంటే, పిల్లవాడు ఆమెను పట్టించుకోకుండా తన ఆటలో మునిగిపోతాడు. ఆమె ఉందన్న భరోసా వల్లే ఆమెను మరిచిపోగలుగుతాడు. కొన్నేళ్ళకు ఆ భరోసా లోపల కుదురుకుని, ఎవరూ లేని గదిలోనూ ధైర్యంగా ఉండగలుగుతాడు. వినికాట్ చెప్పిన ఈ సంగతి నాకు ఎంతో నిజమనిపిస్తుంది. ఏకాంతంలో ఆనందించగలిగిన మనిషి మనుషుల మీద నమ్మకం పోగొట్టుకున్నవాడు కాడు. ఆ నమ్మకం మనసులో నిండుగా ఉండటం వల్ల ఎదురుగా మనుషులు లేకపోయినా తట్టుకోగలిగినవాడు.

అదే నమ్మకం తెగిపోతే ఏమవుతుందో 1968లో మొదలైన ఒక పడవ పందెం చూపించింది. ఎక్కడా ఆగకుండా, ఒక్కరే, తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టిరావాలి. తొమ్మిదిమంది బయలుదేరారు, పందెం పూర్తిచేసింది ఒక్కడే. అతను రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, పడవ బొంబాయిలో టేకుతో కట్టిన 'సుహైలి'. 312 రోజులు సముద్రం మీద గడిపి 1969 ఏప్రిల్‌లో ఒడ్డుకు చేరాడు. ఇంకొకడు ఫ్రాన్సుకు చెందిన బెర్నార్డ్ మ్వాతెస్సియే. గెలిచే అవకాశం ఉండగానే పందెం వదిలేశాడు. రేడియో తీసుకెళ్ళడానికి మొదటే ఒప్పుకోలేదు కాబట్టి, ఆ సంగతి చీటీ మీద రాసి, ఉండేలుతో ఎదురైన ఓడ మీదికి విసిరాడు. తిరిగి యూరప్ రొదలోకి పోవడం ఇష్టంలేక అలాగే సగం ప్రపంచం మళ్ళీ చుట్టి 1969 జూన్‌లో తహితీ దీవి చేరాడు.

మూడోవాడు డొనాల్డ్ క్రోహర్స్ట్. అతని కథ బాధాకరమైనది. అప్పులు చేసి, వ్యాపారం తాకట్టు పెట్టి, సిద్ధం కాని పడవతో 1968 అక్టోబరు ఆఖరు రోజున బయలుదేరాడు. ఆ పడవ దక్షిణ సముద్రాల తాకిడికి నిలవదని త్వరలోనే తెలిసింది. వెనక్కి వస్తే దివాలా, ముందుకు పోతే చావు. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, ప్రపంచం చుట్టివస్తున్నట్టు రేడియోలో అబద్ధపు లెక్కలు పంపాడు. నెలల తరబడి దొంగ లెక్కలు రాస్తూ, ఇంటివాళ్ళతో కూడా నిజం చెప్పలేక, అతని మనసు చెదిరిపోయింది. 1969 జులై 10న పడవ మాత్రమే దొరికింది. దానిలోని పుస్తకాల్లో వేల మాటల అయోమయపు రాతలున్నాయి. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ భార్యాపిల్లలకు ఇచ్చేశాడు.

ముగ్గురిదీ అదే సముద్రం. ఒకడికి ఎదురుచూసే ఊరు ఉంది. ఒకడు ఏ దాపరికమూ లేకుండా ఊరినే వద్దనుకున్నాడు. క్రోహర్స్ట్ మాత్రం ఎటూ తిరిగి రాలేని చోట చిక్కుకుపోయాడు. అతని చుట్టూ ఎవరూ లేకపోయినా పత్రికలవాళ్ళూ, అప్పులవాళ్ళూ, చప్పట్లు కొట్టబోయే జనమూ అతని తలలో నిండి ఉన్నారు. ఇంట్లో తలుపేసుకున్న కుర్రాడిని చూసినప్పుడు మనం తెలుసుకోవలసింది ఇదే. వాడు కావాలనుకున్నప్పుడు బయటికి రాగలడా? వస్తే ఎదురయ్యే ముఖాల్లో వాడు భయపడేవి ఎన్ని? పరీక్ష తప్పిన సంగతో, ఉద్యోగం పోయిన సంగతో, ఆన్‌లైన్ అప్పుల సంగతో ఇంట్లో చెప్పలేక గదిలో ఉన్నవాడికి ఆ గది విశ్రాంతి ఇవ్వదు.

ఇంకో విషయం మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడరు. ఏకాంతం అందరికీ సమానంగా దొరకదు. 1929లో ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, గడియ ఉన్న ఒక గది కావాలని లెక్కగట్టి చెప్పింది. మన ఇళ్ళలో ఇప్పటికీ ఆ లెక్క తేలలేదు. మగవాడు "కొన్నాళ్ళు ఒక్కణ్ణే ఉంటాను" అంటే వైరాగ్యం అంటారు, గౌరవిస్తారు, క్యారేజీ కట్టి పంపిస్తారు. అదే మాట ఇల్లాలు అంటే ఆ పూట ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది మొదటి ప్రశ్న, మొగుడితో ఏం గొడవన్నది రెండోది. అందుకే చాలామంది ఆడవాళ్ళు తమ ఏకాంతాన్ని మరో పేరుతో సంపాదించుకుంటారు. పాలప్యాకెట్ రాకముందు లేచి తాగే కాఫీ, దేవుడి గదిలో కాస్త ఎక్కువసేపు కూర్చోవడం, పుట్టింటికి వెళ్ళేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు. కార్తీకమాసంలో గుడికి వెళ్ళిన అమ్మ గంట ఆలస్యంగా వస్తే ఎందుకని అడగకుండా ఉండటం కూడా ఆమెకు మనం ఇవ్వగల గౌరవమే.

మన సాహిత్యంలో లోకానికి దూరంగా జరిగినవాళ్ళ మాట వస్తే ముందు గుర్తొచ్చేది చలం. లోకం ఆయనను వెలివేసినట్టే చూసింది. 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్ళిపోయి, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళు. అయితే ఆయన వెంట కూతురు సౌరిస్, మరికొందరు ఆప్తులు ఉన్నారు. ఆంధ్ర దేశం నుంచి మనుషులు వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. ఉత్తరాలు విరివిగా రాశారు. సభలు, సన్మానాలు, పత్రికల తగాదాలు ఆయన జీవితంలోనుంచి పోయాయి. ఆయన ప్రేమించినవాళ్ళు మిగిలారు. చాలామంది కోరుకునే దూరం ఇదేనని నా అభిప్రాయం. పూర్తిగా మనుషుల్లేని చోటు వాళ్ళకు అక్కర్లేదు. నటించనక్కర్లేని కొద్దిమంది ఉంటే చాలు.

ఒంటరితనం ఆరోగ్యానికి చేటు అన్న వార్తలు చూసి ఏకాంతప్రియులు భయపడుతుంటారు. ఆ వార్తలు అబద్ధం కావు. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్కలో, మనుషులతో సంబంధాలు లేనివాళ్ళలో ముందుగా చనిపోయే అవకాశం 29 శాతం, ఒంటరినన్న బాధ ఉన్నవాళ్ళలో 26 శాతం, ఒక్కరే నివసించేవాళ్ళలో 32 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. ఇవి సగటు లెక్కలు. వీటిలో కోరి ఒక్కరే ఉన్నవాళ్ళూ, భర్త పోయి పిల్లలు అమెరికాలో స్థిరపడి పెద్ద ఇంట్లో మిగిలిపోయిన ముసలమ్మా కలిసే ఉంటారు. ఆదివారం వీడియో కాల్ కోసం శనివారం నుంచీ ఎదురుచూసే ఆమెది ఏకాంతం అనడానికి నాకు నోరు రాదు. ఆమె దాన్ని కోరలేదు, వద్దన్నా అది పోదు. ఆ లెక్కల్లో కోరి ఒంటరిగా ఉన్నవాళ్ళకూ వర్తించేది ఒకటుంది. రాత్రి గుండెనొప్పి వస్తే 108కి ఫోను చేసే మనిషి పక్కన లేకపోవడం. మనసు ఎంత నిబ్బరంగా ఉన్నా ఒళ్ళు ఆ నిబ్బరాన్ని లెక్కచేయదు.

జపాన్‌లో ఆరు నెలలకు పైగా ఇల్లు కదలకుండా, చదువుకో ఉద్యోగానికో పోకుండా ఉండిపోయేవాళ్ళను హికికొమోరి అంటారు. అక్కడి ప్రభుత్వం 2023లో విడుదల చేసిన సర్వే ప్రకారం 15 నుంచి 64 ఏళ్ళ మధ్యవారిలో వీళ్ళ సంఖ్య 14 లక్షల 60 వేలు. ఉద్యోగం పోవడం, మనుషుల మధ్య నెగ్గుకురాలేకపోవడం వంటివి వాళ్ళు చెప్పిన కారణాలు. అక్కడ మూట మోసేది ముసలి తల్లిదండ్రులు. పిల్లవాడికి యాభై ఏళ్ళు, తల్లికి ఎనభై. ఆమె తరవాత ఏమిటన్న ప్రశ్నకు ఆ ఇళ్ళలో జవాబు లేదు.

మరి మన ఇంట్లో ఒకరు మౌనంగా దూరమవుతుంటే ఎలా పోల్చుకోవాలి? చిన్నప్పటినుంచీ అలాగే ఉన్న మనిషికీ, ఈ మధ్యే మారిన మనిషికీ చాలా తేడా ఉంది. కొందరి స్వభావమే లోపలి వైపు మొగ్గి ఉంటుందని మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లోనే రాశాడు. అలాంటివాళ్ళను మార్చబోవడం దండగ. నిన్నటిదాకా నవ్వుతూ తిరిగి ఇప్పుడు గది దాటని మనిషి గురించి మాత్రం ఆలోచించాలి. అతను ఒక్కడే ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. ఏకాంతం సరిపడినవాడు పుస్తకం చదువుతాడు, పాదులు తవ్వుతాడు, వేళకు తింటాడు, ఉతికిన బట్టలు కట్టుకుంటాడు. కుంగిపోతున్నవాడికి ఇష్టమైన పనే చేదవుతుంది. పాటలంటే ప్రాణం పెట్టేవాడు పాట వినడు. నిద్ర చెడుతుంది, లేదా పగలూ రాత్రీ నిద్రే. తిండి తగ్గుతుంది, స్నానం మానేస్తాడు, మందు మొదలవుతుంది. ఇది రెండు వారాలు దాటి సాగితే వైద్యుడికి చూపించాలి. "నేను లేకపోయినా ఎవరికీ ఏమీ కాదు" అన్న మాట నోట వస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఏకాంతం అలవాటు లేనివాళ్ళు కొన్నాళ్ళు వెళ్ళి ఉండాలనుకుంటే ఒక్కసారిగా ఆరు నెలలు అనుకోవద్దు. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ దారిలో 1976 నుంచి విపశ్యన కేంద్రం ఉంది. అక్కడి శిబిరం పది రోజులు. ఫోను ఇచ్చేయాలి, తోటివాళ్ళతో మాట్లాడకూడదు, చూపులతో కూడా పలకరించుకోకూడదు. తొమ్మిది రోజులు గడిచాక పదో రోజున మాట్లాడనిస్తారు. మర్నాడు ఇంటికి పంపేముందు ఆ ఒక్కరోజూ మనుషుల రొదకు మెల్లగా అలవాటు పడనివ్వడం కోసం. నాకు ఆ పదో రోజు ఏర్పాటు మీద ఎంతో గౌరవం. వెళ్ళడం గురించి ఆలోచించినంతగా తిరిగిరావడం గురించి ఎవరూ ఆలోచించరు. నెలల తరవాత పొలం గదిలోనుంచి తిన్నగా పెళ్ళిపందిట్లోకి వచ్చినవాడికి తల తిరుగుతుంది, మాట తడబడుతుంది. మొదట ఒకరిద్దరితో రెండు మూడు రోజులు గడిపితే ఆ ఇబ్బంది తగ్గిపోతుంది.

పెద్దవయసులో పొలం దగ్గరో, తిరువణ్ణామలైలో అద్దెగదిలోనో ఉంటానన్న తండ్రితో వాదించి లాభం లేదు, వాదించవలసిన అవసరమూ లేదు. ఏర్పాట్లు మాత్రం ఆయనతో కూర్చుని మాట్లాడాలి. బీపీ మాత్రలు ఎన్నాళ్ళకు సరిపడా ఉన్నాయి, గ్యాస్ అయిపోతే ఎవరు తెస్తారు, స్నానాల గదిలో కాలు జారకుండా పట్టుకోవడానికి ఏముంది, ఏ వేళకు ఫోను చేస్తే ఆయనకు ఇబ్బంది లేదు. ఆయన ఒప్పుకున్న వేళ తప్ప మిగతా వేళల్లో చేసి విసిగించకూడదు. వరసగా రెండు రోజులు ఆయన ఫోను ఎత్తకపోతే వెళ్ళి చూసేదెవరో పేరుతో సహా ముందే అనుకోవాలి. ఆ మనిషి కొడుకే కానక్కర్లేదు. పక్క పొలం కౌలుదారైనా, ఎదురింటి పాలావిడైనా చాలు, వాళ్ళ నంబరు పిల్లల ఫోన్లలో, పిల్లల నంబరు వాళ్ళ ఫోనులో ఉండాలి.